రెండు వందల ఏళ్ళ స్పినెట్

పెన్సిల్వేనియాలో విట్‌కమ్ అనే పెద్దమనిషి ఇంట్లో రెండు వందల ఏళ్ళనాటి స్పినెట్ అనే తీగల వాద్యం ఒకటి అమ్మకానికి ఉంది. దాన్ని కొనాలని చెర్రీహిల్‌లో ఉండే డాక్టర్ జగన్మోహన్‌కి ముచ్చట పుట్టింది. అయితే పాత వాద్యాలు బాగుచేసే వసుమతి స్వయంగా వెళ్ళి చూసి, అసలైనదేనని చెబితే తప్ప చెక్కు రాయనని కూర్చున్నాడాయన. "ఫోటోలున్నాయి కదా వదినా, అంతదూరం దేనికి?" అంటూ మరిది భాస్కర్ ఎన్ని రకాలుగా అడ్డుపడినా వసుమతి వినలేదు. పోయిన వారం మనం వాళ్ళని అక్కడ వదిలిపెట్టాం.

ఇప్పుడు, 1984 అక్టోబర్‌లో ఒక ఆదివారం పొద్దున, వదినా మరిదీ న్యూజెర్సీలోని ఐసెలిన్ నుంచి స్టేషన్ వాగన్‌లో బయల్దేరి డెలవేర్ నది దాటారు. భాస్కర్ డ్రైవ్ చేస్తున్నాడు. ఎప్పుడూ స్టీరింగ్ మీద తాళం వేస్తూ పాటలు పాడేవాడు, ఇవాళ నోరు మెదపడం లేదు.

"జగన్మోహన్ గారికి అంత పాతది దేనికి వదినా అసలు? మన గరాజ్‌లో ఉన్నవాటిల్లో ఏదో ఒకటి చూపిద్దాం," అన్నాడు ఉన్నట్టుండి.

"ఆయనకి వాద్యం కావాలని నీకెవరు చెప్పారు?" అంది వసుమతి. "పియానో అయితే పక్కింటి డెంటిస్ట్‌కీ ఉంది. డెంటిస్ట్‌కి లేనిది కావాలి ఆయనకి. ఇంటికి తీసుకెళ్ళి దాని మీద వెంకటేశ్వరస్వామి ఫోటో, పక్కన ప్లాస్టిక్ పూలు పెడతాడు. సగం తీగలు తెగిపోయినా ఆయనకి తెలీదు. తెలియడానికి చెవులుండాలి కదా."

భాస్కర్ నవ్వలేదు. మామూలుగా అయితే ఇలాంటి మాటలకి పడీపడీ నవ్వేవాడు.

వసుమతికి నలభై రెండేళ్ళు. తండ్రి కాకినాడలో నాటకాల కంపెనీల హార్మోనియాలు బాగుచేసేవాడు. పెళ్ళయి అమెరికా వచ్చాక, భర్త కృష్ణమోహన్ మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తుంటే, ఈమె ఊసుపోక ఒక హార్ప్‌సికార్డ్ వర్క్‌షాపులో చేరింది. పియానో పుట్టకముందు యూరప్‌లో ఇళ్ళలో వాయించిన వాద్యం అది. మీట నొక్కితే లోపల సన్నటి చెక్కముక్క ఒకటి పైకి లేస్తుంది, దానికున్న ముల్లు తీగని గోరుతో మీటినట్టు మీటుతుంది. స్పినెట్ దానికి చెల్లెలు, ఇంకా చిన్నది. వసుమతి ఆ ముళ్ళు చెక్కడంతో మొదలుపెట్టి, అయిదారేళ్ళలో ఆ పనంతా నేర్చుకుని, తన గరాజ్‌లోనే సొంతంగా వర్క్‌షాపు పెట్టుకుంది. సెకండ్‌హ్యాండ్ హార్ప్‌సికార్డ్‌లు, స్పినెట్‌లు కొనడం, బాగుచేయడం, అమ్మడం. చేతిపని ఆమెది, కొనేవాళ్ళతో మాట్లాడటం భాస్కర్‌ది. కొనేవాళ్ళతో ఆమె మాట్లాడితే వ్యాపారం జరగదని మొదటి ఏడాదే తేలిపోయింది.

ఎందుకంటే ఆమెకి ఎవరి మీదా గౌరవం లేదు. అమ్మేవాళ్ళ మీద అసలు లేదు. ఆదివారం పేపర్లో "అరుదైనది, పురాతనమైనది, కొత్తదానిలా ఉంది" అని ఒకే వాక్యంలో రాయించే మనుషులు వాళ్ళు. వెళ్ళి చూస్తే యుద్ధం తర్వాత ఏదో ఫ్యాక్టరీలో తయారైన శాల్తీ బయటపడేది. లోపల ఇనప చట్రం, కింద అయిదు పెడళ్ళు. నలుగురు పడితే లేవదు, వాయిస్తే పక్క గదిలోకి వినపడదు. ఒక ప్రొఫెసర్ గారి హార్ప్‌సికార్డ్‌లో పిల్లి రెండు ఈతలు ఈనింది. కొనేవాళ్ళు ఇంకా ఘనులు. మాన్‌హాటన్‌లో ఒక రెస్టారెంట్ వాళ్ళు ఆమె దగ్గర కొన్నదాని తీగలన్నీ పీకేసి, ఐసు నింపి, రొయ్యలు పేర్చారు. ఆ సంగతి తెలిశాక వసుమతి ఒక రోజంతా అన్నం తినలేదు.

విట్‌కమ్ ఇల్లు రాతి ఇల్లు. గుమ్మం ముందు గుమ్మడికాయలు వరసగా పేర్చి ఉన్నాయి. తలుపు తీసిన మనిషి పొడుగ్గా, ఎర్రగా, మోచేతుల దగ్గర తోలు అతుకులున్న కోటులో ఉన్నాడు. ఆయన భాస్కర్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. వసుమతి వైపు చూసి తల ఊపాడు.

"మీ మిసెస్‌కి టీ ఏమైనా కావాలా?"

"ఆవిడ మా వదిన. ఎక్స్‌పర్ట్ ఆవిడే, నేను కాదు," అన్నాడు భాస్కర్.

"ఓ! చాలా ఇంట్రెస్టింగ్," అన్నాడు విట్‌కమ్, ఇంకా భాస్కర్‌తోనే. "మీ దేశంలో సితార్లు కదా వాయిస్తారు? ఆవిడకి ఇది కొత్తగా ఉంటుంది. మెల్లగా తాకమనండి."

వసుమతి అప్పటికే గదిని చూస్తోంది. స్పినెట్‌ని నిప్పుగూడు పక్కన పెట్టాడు మహానుభావుడు. ఇంకో రెండు చలికాలాలు అక్కడే ఉంటే లోపలి పల్చటి బల్ల అప్పడంలా పగులుతుంది. దాని మీద వెండి ఫ్రేముల్లో కుక్కల ఫోటోలు. గోడ నిండా వేటాడేవాళ్ళ బొమ్మలు. మీటల పైన ఉన్న నల్లని పేరుపలక మీద బంగారు అక్షరాలు: జోసయా పెల్, లండన్, 1768.

"ఈయన పెట్టింది కుక్కలు, జగన్మోహన్ పెట్టేది వెంకటేశ్వరస్వామి. అంతే తేడా," అంది తెలుగులో.

"ఏమంటున్నారు?" అడిగాడు విట్‌కమ్.

"బాగుందంటున్నారు," అన్నాడు భాస్కర్.

ఆమె ఫోటోలన్నీ తీసి కుర్చీలో పెట్టింది. విట్‌కమ్ కనుబొమలు లేచాయి. కూర్చుని, చేతులు చీరకొంగుకి తుడుచుకుని, తండ్రి హార్మోనియం సరిచూసుకోవడానికి వాయించే సరళి వరస వాయించింది. కిందినుంచి పైకి, పైనుంచి కిందికి.

"అది ఆ కాలం సంగీతం కాదు," అన్నాడు విట్‌కమ్ మొహం చిట్లించి.

వసుమతికి ఆ మాట వినపడలేదు. ఆమె కింది తీగల మీద ఆగిపోయింది. ఇంత చిన్న పెట్టెలోంచి అలాంటి గుండ్రటి నాదం రావడం ఆమె ఎక్కడా వినలేదు. ఎక్కడా వినలేదని అనుకుంది గాని, విన్నట్టే ఉంది. పేరు గుర్తురాని మనిషి పక్కగదిలో మాట్లాడుతున్నట్టుంది. ఇంకోసారి వాయించింది. పొద్దుట్నుంచీ ముడుచుకుని ఉన్న ఆమె మొహం మెల్లగా విప్పారింది. ఈ పెల్ ఎవడో గాని పని తెలిసినవాడు అనుకుంది. ఒక మనిషిని ఆమె మనసులోనైనా మెచ్చుకుని చాలాకాలమైంది.

"భాస్కర్, విన్నావా?"

భాస్కర్ కిటికీలోంచి బయట గుమ్మడికాయల్ని చూస్తున్నాడు. అతని మెడ మీద చెమట పట్టింది.

ఆమె మొహంలో వచ్చిన మార్పు విట్‌కమ్‌కి నచ్చింది. బేరం కుదిరిపోయినట్టే లెక్క అనుకున్నాడు కాబోలు, ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "ఇప్పుడు మీకు అసలైన విశేషం చూపిస్తాను," అని స్పినెట్ కుడిచివర ముందుగానే వదులుచేసి పెట్టుకున్న మీటల్ని ఒక్కొక్కటే పైకి తీశాడు. అవి జానెడు పైగా పొడుగున్న చెక్కలు. వేళ్ళు తగిలే కొస ఒకటే బయటికి కనిపిస్తుంది, మిగతాదంతా లోపలే ఉంటుంది. ఆయన వాటిని తిరగేసి, వెనక కొస అడుగుభాగం చూపించాడు.

"ఇవి పెల్ తాలూకు రహస్య సంకేతాలు. ఒక ప్రొఫెసర్ సిరియాక్ లిపి అన్నాడు. ఇంకొకరు ఆర్మీనియన్ అన్నారు. నేననుకోవడం, అప్పట్లో ఈ పనివాళ్ళకి ఒక గుప్త సంఘం ఉండేది. బయటివాళ్ళకి అర్థం కాకుండా గుర్తులు పెట్టుకునేవాళ్ళు. ఇది నకిలీ కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?"

వసుమతి మీట చేతిలోకి తీసుకుంది. పెన్సిల్‌తో రాసిన గుర్తులు. ౫౯. రెండో మీట మీద ౬౦. మూడోదాని మీద ౬౧.

కాకినాడ కొట్లో ఆమె తండ్రి హార్మోనియం మెట్లకి తెలుగు అంకెలే వేసేవాడు. ఆమెకీ ఆ అలవాటే వచ్చింది. ఆరంకె తోకని ఆమె అందరికంటే పొడుగ్గా కిందికి లాగుతుంది. తండ్రి దానికి ఎన్నోసార్లు విసుక్కున్నాడు. ఆ తోక ఇప్పుడు పెన్సిల్వేనియాలో, ఒక పెద్దమనిషి అరచేతిలో, గుప్త సంఘం సంకేతమై కూర్చుంది.

అది ఆమె చేసిన స్పినెట్. కనెక్టికట్‌లో ఒకావిడ భర్త సగం చేసి చనిపోతే, ఆ చెక్కలన్నీ కొనుక్కొచ్చి, సగానికి పైగా పారేసి, ఒక ఏడాది పాటు గరాజ్‌లో ఒంటరిగా కూర్చుని కట్టిన స్పినెట్. ఓహాయోలో మిసెస్ డాల్టన్ అనే మ్యూజిక్ టీచర్‌కి అమ్మానని భాస్కర్ చెప్పిన స్పినెట్. పెట్టె రంగు మారింది, కాళ్ళు మారాయి, పేరుపలక మారింది. అందుకే కళ్ళు గుర్తుపట్టలేదు. చెవులు గుర్తుపట్టాయి గాని ఆమె నమ్మలేదు.

ఆమె తలెత్తి భాస్కర్‌ని చూసింది. భాస్కర్ ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు.

"మిస్టర్ విట్‌కమ్, మేం కాస్త బయటికెళ్ళి మాట్లాడుకోవాలి," అంది ఇంగ్లీషులో.

"తప్పకుండా," అన్నాడాయన చిరునవ్వుతో. "డబ్బు సంగతులు ఫ్యామిలీలో మాట్లాడుకోవాల్సిందే."

ఇద్దరూ కారు దాకా వచ్చారు. వసుమతి కారెక్కలేదు. బానెట్‌కి ఆనుకుని నిలబడింది. కిటికీ వెనక విట్‌కమ్ ఎర్రటి మొహం కనిపిస్తూనే ఉంది.

"మిసెస్ డాల్టన్ ఎలా ఉంది?" అడిగింది.

భాస్కర్ కారు తాళాలు చేతిలో తిప్పుతున్నాడు.

"రోజూ వాయిస్తోందిట వదినా అన్నావు. పిల్లలకి నేర్పుతోందిట అన్నావు. చలికాలంలో తీగలు తెగుతాయని నేను ప్రతి క్రిస్మస్‌కీ స్పేర్ తీగలూ ముళ్ళూ ప్యాకెట్ కట్టి నీకిచ్చాను, పోస్ట్ చేయమని. అవి ఎవరికి చేశావు?"

"ట్రంక్‌లో ఉన్నాయి," అన్నాడు భాస్కర్ గొణుగుతూ.

"ఏంటీ?"

"కారు ట్రంక్‌లోనే ఉన్నాయి వదినా. పారేయబుద్ధి కాలేదు."

వసుమతికి నవ్వొచ్చింది. ఎలాంటి నవ్వో ఆమెకే తెలియలేదు. "ఎంత మంచివాడివయ్యా! లేని మనిషికి పంపిన వస్తువుల్ని పారేయడానికి మనసొప్పలేదన్నమాట. నా పేరు చెరిపేసి ఇంకెవడిదో తగిలించడానికి మాత్రం ఒప్పింది."

"నీ పలక తీయలేదు. దాని మీదే పాతది పెట్టి స్క్రూలు బిగించాను. కింద నీది అలాగే ఉంది."

"అది కూడా దయే కాబోలు."

"వదినా, ఒక్కసారి నా మాట విను." భాస్కర్ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "ఎంతకాలం పడుంది అది గరాజ్‌లో? ఎంతమందికి చూపించాను? కూర్చుని వాయించేవాళ్ళు, బాగుందనేవాళ్ళు. హూ మేడ్ ఇట్ అని అడిగేవాళ్ళు. నీ పేరు చెప్పేవాణ్ణి. అప్పుడు వాళ్ళ మొహాలు నువ్వు చూడలేదు, నేను చూశాను. ఒకడు 'ఓ, ఇండియన్ కాపీనా' అన్నాడు. ఇంకొకావిడ మీ వదిన మా ఇంట్లో బట్టలు కూడా కుడుతుందా అనడిగింది. రోజూ ఇంటికొచ్చి నీతో చెప్పమంటావా ఇవన్నీ?"

"చెప్పాల్సింది."

"చెప్పి ఏం చేయను? పాడైపోయిన పాత పియానో ఒకదాని పేరుపలక దొరికింది. దాన్ని తగిలించాను. రంగు మార్చాను. అంతే. అదే చెక్క, అవే తీగలు, అదే నీ పని. నా పేరు బయటికి రాకుండా బోస్టన్ దగ్గర ఆక్షన్‌లో, ఈ విట్‌కమ్ కొన్నచోట, పెడితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు వదినా. ఒక ముసలాయన వాయించి ఏడ్చాడు. పద్దెనిమిదో శతాబ్దంలో తప్ప ఇలాంటి నాదం రాదన్నాడు."

ఆ ఒక్క క్షణం వసుమతి ఛాతీలో ఏదో పొంగింది. ఎవరో ఏడ్చారు. తన తీగలు విని ఒక ముసలివాడు ఏడ్చాడు. మరుక్షణం ఆ సంతోషం మీద ఆమెకి అసహ్యం వేసింది. బురదలో పెట్టిన కాలుని లాక్కున్నట్టు మనసుని వెనక్కి లాక్కుంది.

"సిగ్గులేదా నీకు?" అంది.

"నువ్వే కదా నేర్పావు?"

"నేనా?"

"వీళ్ళకి చెవుల్లేవు, కళ్ళతో కొంటారు, పేరు చూసి కొంటారు, ఫర్నిచర్ కొన్నట్టు కొంటారు. ఎన్నేళ్ళ నుంచి వింటున్నాను ఈ మాటలు? పొద్దున కారులో కూడా అదే అన్నావు. నీకు వాళ్ళంటే ఎంత చులకనో నాకూ అంతే. నువ్వు తిట్టి ఊరుకున్నావు, నేను అమ్మాను. చెవుల్లేనివాళ్ళని మోసం చేయడం ఎలా అవుతుంది చెప్పు? వాళ్ళకి కావలసింది పేరు. ఇచ్చాను."

  తను అన్నవి తిట్లే అనుకుంది వసుమతి ఇన్నాళ్ళూ. ఎవరూ వాటిని పాఠంగా రాసుకుంటున్నారని ఆమెకి తట్టలేదు.

"నేను తిట్టాను," అంది చివరికి, మెల్లగా. "అందరినీ తిట్టాను. కాని తిట్టినవాళ్ళకి కూడా తెగిన తీగతో వస్తువు ఇవ్వలేదు. పిల్లి ఈనినదాన్ని కూడా నెలరోజులు శుభ్రం చేసి, ఇందులో పిల్లి ఈనింది అని చెప్పి మరీ అమ్మాను. నువ్వే నవ్వావు అప్పుడు."

భాస్కర్ తల దించుకున్నాడు.

"అందుకా, ఫోటోలు చాలు వదినా, అంతదూరం దేనికి వదినా అన్నావు?"

"నువ్వు చూడకుండానే అవునంటావేమో అనుకున్నాను. అడుగున కూడా నంబర్లు వేస్తావని నాకేం తెలుసు? పైనున్నవన్నీ చెరిపేశాను."

"మీ అన్నయ్య ఇవాళ ల్యాబ్‌కి వెళ్ళారు. సాయంత్రం రాగానే చెప్తాను. ఇంక జన్మలో నీ మొహం చూడరాయన."

ఆ మాటకి భాస్కర్ ఏదో చెప్పబోయి మానేశాడు. ఆ మానేయడం ఆమె గమనించే స్థితిలో లేదు.

"పద లోపలికి. ఆయనకి చెప్పు."

"పిచ్చా వదినా? పోలీస్ కేసు అవుతుంది. నాకింకా గ్రీన్‌కార్డే రాలేదు, డిపోర్ట్ చేస్తారు. నిన్ను కూడా ఇరికిస్తారు. ఈ లైన్‌లో మళ్ళీ ఎవడైనా నీ చేత ఒక తీగ కట్టించుకుంటాడా? కారెక్కు. నచ్చలేదని చెప్పి వెళ్ళిపోదాం. ఎవరికీ నష్టం లేదు."

"ఆయనకి?"

"ఆయనా? నీకు టీ కావాలా అని నన్నడిగినవాడా?"

వసుమతి కిటికీ వైపు చూసింది. ఆ ఎర్రటి మొహమంటే ఆమెకి రవ్వంత కూడా ఇష్టం కలగలేదు. పొద్దుట్నుంచీ చూసినవాళ్ళలో అంత విసుగు పుట్టించిన మనిషి లేడు. అయినా ఈ వ్యవహారంలో మోసపోయింది ఆయనే. మోసం చేసినవాడు తన ఇంట్లో, తన చేతి అన్నం తింటూ బతుకుతున్నాడు. ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఒక్కతే లోపలికి నడిచింది.

విట్‌కమ్ రెండు గ్లాసుల్లో షెర్రీ వైన్ పోసి సిద్ధంగా ఉన్నాడు.

"మిస్టర్ విట్‌కమ్, ఇది పాతది కాదు. నాలుగేళ్ళ క్రితం న్యూజెర్సీలో, మా గరాజ్‌లో చేసింది. చేసింది నేనే."

విట్‌కమ్ ఆమె వైపు కాసేపు చూసి, తల వెనక్కి వాల్చి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"మేడమ్, మీ దేశంలో బేరాలు బాగా ఆడతారని విన్నాను. కాని ఇంత గొప్పగా ఆడతారని తెలియదు. ఇంతవరకూ చెక్కకి పురుగు పట్టిందన్నవాళ్ళున్నారు, కాళ్ళు మార్చారన్నవాళ్ళున్నారు. 'నేనే చేశాను' అన్నవాళ్ళు లేరు!"

"బేరం కాదు. నేను కొనడం లేదు. ఆ సంకేతాలు సిరియాక్ కాదు, తెలుగు. నా భాష. యాభై తొమ్మిది, అరవై, అరవై ఒకటి. మిగతావి కూడా తీయండి, వరసగా చదువుతాను."

"ముగ్గురు నిపుణులు దీన్ని చూశారు," అన్నాడు విట్‌కమ్. నవ్వు ఇంకా పోలేదు గాని గొంతు చల్లబడింది. "ఒకాయన డాక్టరేట్ చేసిందే ఈ కాలం వాద్యాల మీద. వాళ్ళంతా తప్పు, గరాజ్‌లో కూర్చునే మీరు కరెక్టు, అంతేనా? రేటు తగ్గించను. మీరు అనవసరంగా అలిసిపోకండి."

నిజం చెబితే తిడతాడనుకుంది, పోలీసుల్ని పిలుస్తాడనుకుంది. నమ్మడని మాత్రం ఆమె అనుకోలేదు. తను చేసిందన్న మాట ఈ మనిషి బుర్రలోకి పోవడానికి దారే లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. విట్‌కమ్ ఎత్తి, విని, రిసీవర్ ఆమెకి అందించాడు. "మీ డాక్టర్ గారు. ఆయనతోనైనా తెలివిగా మాట్లాడండి."

"ఏమ్మా వసుమతి గారూ, చూశారా?" జగన్మోహన్ గొంతు హుషారుగా ఉంది. "అసలైనదేనా?"

"కాదు జగన్మోహన్ గారూ. నకిలీది. నేను చేసిన స్పినెట్‌కి మా మరిది పాత పలక తగిలించాడు. మీరు కొనకండి."

అటునుంచి చిన్న నిట్టూర్పు వినిపించింది. ఆశ్చర్యపోయిన మనిషి నిట్టూర్పు కాదది.

"చూశారా, అందుకే భాస్కర్ మిమ్మల్ని పంపించొద్దన్నాడు. నేనే వినలేదు. ఆ సంగతి ఎండాకాలం నుంచీ నాకు తెలుసమ్మా."

"తెలుసా?"

"నేను దాన్ని ఇంట్లో పెట్టుకుంటానా ఏంటి? మ్యూజియంకి డొనేట్ చేస్తాను. కొన్నదానికి మూడింతలు విలువ కట్టించి టాక్స్‌లో చూపించుకుంటాను. వాళ్ళు ఎక్స్‌పర్ట్ ఎవరు చూశారు అనడుగుతారు. ఈ చుట్టుపక్కల మీ మాటకున్న విలువ ఇంకెవరి మాటకీ లేదు, అబద్ధం ఆడరని పేరు కదా మీకు. మీరు స్వయంగా చూసి, అసలైనదే అని ఒక్క ముక్క అంటే చాలు. ఆ తెల్లాయనకి డబ్బొస్తుంది, మ్యూజియంకి వస్తువొస్తుంది. మీ పనే కదండీ అద్దాల పెట్టెలో ఉండేది! ఎవరికి నష్టం చెప్పండి?"

వెంకటేశ్వరస్వామి ఫోటో పెట్టుకునే అమాయకుడనుకుంది ఈయన్ని. చెవుల్లేవనుకుంది. కారులో తను అన్న మాటలు గుర్తొచ్చి ఆమె చెంపలు వేడెక్కాయి. ఆయన భాస్కర్ గుట్టంతా విన్నాడు. వినకూడనివి కూడా విన్నాడు.

"నా నోటితో ఆ మాట రాదు," అంది.

"తొందరపడకండమ్మా. ఇదిగో, మీవాళ్ళతో మాట్లాడండి."

రిసీవర్ చేతులు మారిన చప్పుడు. తర్వాత, దగ్గు. పదిహేడేళ్ళుగా రోజూ వింటున్న దగ్గు.

"వసూ," అన్నాడు కృష్ణమోహన్. ల్యాబ్‌కి వెళ్ళిన కృష్ణమోహన్. "నేనే. ఏం మాట్లాడకు. అవునని చెప్పేసి వచ్చేయ్. ఇంటికొచ్చాక అన్నీ చెప్తాను."

గుమ్మంలో అలికిడైంది. భాస్కర్ లోపలికొచ్చి నిలబడ్డాడు. ఆమె చేతిలో ఫోన్ చూశాడు, ఆమె మొహం చూశాడు. ఫోన్‌లో ఎవరున్నారో అతనికి చెప్పక్కర్లేకపోయింది. అతని మొహంలో ఆశ్చర్యం లేదు. ఇందాక కారు దగ్గర అతను మింగేసిన మాటేమిటో వసుమతికి ఇప్పుడర్థమైంది.

ఆమె రిసీవర్‌ని పెట్టేయలేదు. చెవి దగ్గర్నుంచి తీసి, మెల్లగా బల్ల మీద పడుకోబెట్టింది. అందులోంచి "వసూ, వసూ" అని సన్నగా వినిపిస్తూనే ఉంది.

"మిస్టర్ విట్‌కమ్, మీ ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉందా?"

"దేనికి?"

"ఈ పెల్ గారి పేరుపలక విప్పడానికి. దాని కింద ఇంకో పలక ఉంది. దాని మీద ఏ పేరుందో మీరే చదువుకోండి. అది ఇంగ్లీషులోనే ఉంటుంది."

విట్‌కమ్ మళ్ళీ నవ్వడానికి నోరు తెరిచాడు. అంతలో భాస్కర్ రెండంగల్లో గది దాటి వచ్చి, స్పినెట్‌కి ఆమెకి మధ్య నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి పేరుపలకని పట్టుకున్నాడు.

"వద్దు వదినా," అన్నాడు.

ఆ మాట విట్‌కమ్‌కి అర్థం కాలేదు. ఆ చేతులు మాత్రం అర్థమయ్యాయి. ఆయన నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది. పొద్దుట్నుంచీ భాస్కర్‌తోనే మాట్లాడుతూ వచ్చిన మనిషి, ఇప్పుడు భాస్కర్‌ని వదిలి వసుమతి మొహంలోకి చూశాడు. చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. డెస్కు దగ్గరికి వెళ్ళి, స్క్రూడ్రైవర్ కోసం పై సొరుగు లాగాడు.